రాగి రేకు, ఫోమ్ కవచం, సొంత గేమ్: యానిమేటర్‌కి ఆఫీసు తర్వాత ఏ పని నప్పుతుంది?

నా అల్మరాలో ఒకే భుజకీర్తి రెండు రూపాల్లో ఉంది. ఒకటి రాగి రేకుతో చేసింది, అరచేతికంటే కొంచెం పెద్దది. రెండోది ఫోమ్‌ది, భుజమంతా కప్పేస్తుంది. మూడో రూపం కంప్యూటర్‌లో ఉంది. 64 పిక్సెళ్ల ఎత్తున్న బొమ్మ భుజం మీద నాలుగైదు పిక్సెళ్ల బంగారు రంగు, అంతే. మూడూ ఒకే పాత్రవి. కోట బురుజు మీద రాత్రిపూట కాపలా కాసే అమ్మాయి ఆమె. నాలుగేళ్ల కిందట స్కెచ్‌బుక్‌లో వేసుకున్నాను. ఆఫీసులో రోజూ నేను కదిలించే పాత్రలన్నీ వేరేవాళ్లు పుట్టించినవి. ఈమె మాత్రం నా మనిషి. ఈమెను ఎలాగైనా కాగితం మీంచి దింపాలని ముందు ఆమెలా తయారవడానికి వేషం కుట్టాను, తర్వాత లోహం పట్టుకున్నాను, ఆ తర్వాత గేమ్ మొదలుపెట్టాను.

హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా క్యారెక్టర్ యానిమేషన్ చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు రెండు మూడేళ్లయ్యేసరికి తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: "సొంతంగా ఏదైనా చేయాలనుంది అక్కా, ఏది మొదలుపెట్టను?" ఈ మూడు పనుల్లో ఏ ఒక్కదాని గురించి అడిగినా నేర్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, రోజంతా స్టైలస్ పట్టుకుని కూర్చునే మనిషికి ఏది నప్పుతుందో చెప్పేవాళ్లే కనబడలేదు. నాకు తెలిసినంతవరకు ఆ పని ఇక్కడ చేస్తాను.

ఎక్కువమంది గేమ్‌తో మొదలుపెడతారు. మన పనికి అదే దగ్గర చుట్టం కదా అనిపిస్తుంది. కంప్యూటర్ ఉంది, బొమ్మ వేయడం వచ్చు, కదిలించడం వచ్చు, ఇంకేం కావాలి అనుకుంటారు. దగ్గరగా ఉందని ఎంచుకోవద్దని నా సలహా. మీ ఉద్యోగం మీకు ఏది ఇవ్వడం లేదో చూసుకుని, అది ఇచ్చే పనిని ఎంచుకోండి.

మన రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి తలచుకోండి. నాలుగు సెకన్ల షాట్ అంటే 96 ఫ్రేములు. దానిమీద వారం గడుస్తుంది. పాత్ర డిజైన్ ఒకరిది, గొంతు ఇంకొకరిది, కథ మరొకరిది. పద్నాలుగో వెర్షన్ పంపాక డైరెక్టర్ నాలుగోదే బాగుందంటారు. ఏ తప్పు చేసినా కంట్రోల్ జెడ్ కొడితే పోతుంది. సాయంత్రానికి చేతిలో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇందులో మూడు లోట్లున్నాయి. తాకడానికి వస్తువు లేదు. చూసేవాళ్ల మొహం కనబడదు. మొదటినుంచి చివరిదాకా మన మాట చెల్లదు. మొదటి లోటు తీర్చేది లోహం, రెండోది తీర్చేది వేషం, మూడోది తీర్చేది గేమ్. మీకు ఏ లోటు ఎక్కువ గుచ్చుకుంటోందో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

లోహం: వెనక్కి తీసుకోలేని పని

రాగికి ఒక గుణం ఉంది. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బకి మొద్దుగా చప్పుడు చేస్తుంది. గట్టిపడేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి, చివరికి గంటలా ఖంగుమంటుంది. అక్కడ ఆగాలి. ఆగకుండా ఇంకా కొడితే రేకు పగులుతుంది. నా మొదటి భుజకీర్తి అంచు అలాగే చీలింది. ఆగి, గదిలో లైటు తగ్గించి, గ్యాస్ మంట కింద రేకు మసక ఎరుపుకి వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. లైటు తగ్గించడం ఎందుకంటే ఎండ వెలుతురులో ఆ ఎరుపు కంటికి ఆనదు, తెలియకుండానే ఎక్కువ కాల్చేస్తాం.

కాల్చాక పైన నల్లటి పొర కడుతుంది. వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి అందులో వేస్తే ఆ పొర వదిలి, గులాబీ రంగు రాగి బయటపడుతుంది. అమ్మమ్మ చింతపండుతో రాగి చెంబు తోమినప్పుడు జరిగేది కూడా ఇదే. ఒక్క జాగ్రత్త: అప్పటికే రాగి కరిగి ఉన్న ఆ నీళ్లలోకి ఇనప పటకారు పెట్టొద్దు. ఇనుము తగిలితే నీళ్లలోని రాగి వచ్చి వస్తువుల మీద పొరలా కూర్చుంటుంది. వెదురు పుల్లతో తీయండి.

యానిమేటర్‌కి ఈ పని ఎందుకు మంచిదంటే, ఇందులో ప్రతి దెబ్బా చివరిదే. పడ్డ గుంత పడినట్టే ఉంటుంది. మొదటి నెలంతా నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. తర్వాత ఆఫీసులో నా కీ పోజులు (కదలికలోని ముఖ్యమైన భంగిమలు) మారడం గమనించాను. ఇరవై రకాలు వేసి చూసే బదులు ముందు ఆలోచించి, మూడే వేయడం అలవాటైంది. బరువు అంటే ఏమిటో కూడా చేతికి తెలిసింది. 30 సెంటీమీటర్ల చదరం, అర మిల్లీమీటరు మందమున్న రాగి రేకు దాదాపు 400 గ్రాములుంటుంది. అంత పలచటి రేకు అంత బరువుందంటే పట్టుకునేదాకా నమ్మబుద్ధి కాదు. కవచం వేసుకున్న పాత్ర ఎలా నడవాలో ఆ తర్వాత ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

లోహపు పనిలోనూ రకాలున్నాయి. మీరు 2డి వైపు నుంచి వచ్చారా? రేకు, తీగ పట్టుకోండి. అవి గీతల పనులు. కరీంనగర్ వెండి తీగ పని చూస్తే సన్నటి తీగను మెలిపెట్టి, వంచి, అల్లుతూ అక్షరాలా బొమ్మ గీస్తున్నట్టే ఉంటుంది. మీరు మోడలింగ్, స్కల్ప్టింగ్ చేసేవాళ్లా? అయితే మైనం మీ దారి. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు చేసేది అదే: మైనంతో రూపం చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోస్తారు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి, కాబట్టి పోత పని ఇంట్లో పెట్టుకోవద్దు. మైనంతో రూపం మీరు చేసుకుని, పోత మాత్రం నగలకు పోతపోసేవాళ్లకి ఇవ్వండి.

రేకు పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒక్కసారైనా పెంబర్తి వెళ్లాలి. వరంగల్ దారిలో, జనగామ దగ్గరుంటుంది ఆ ఊరు. ఇత్తడి రేకు మీద నగిషీ పనికి పేరు మోసింది. గుడి తలుపులకీ దేవుడి వాహనాలకీ తొడుగులు చేస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు తేవాలంటే కింద మెత్తగా ఉంటూనే గట్టిగా పట్టుకునే ఆధారం కావాలి. గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్ద అందుకు పనికొస్తుంది. నేను నెలల తరబడి వీడియోల్లో చూసీ అర్థం కాని విషయం ఒకటుంది: ఉలిని ఎంత వాల్చి పట్టాలి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత జరపాలి అన్నది. పని చేసే మనిషి పక్కన ఒక పూట కూర్చుంటే అది తెలిసిపోయింది.

ఇక ఇబ్బందులు. అపార్ట్‌మెంట్‌లో ఈ పని కష్టం. సుత్తి చప్పుడు కింది ఇంటికి వినబడుతుంది. అద్దె ఇంట్లో గ్యాస్ మంటంటే ఓనరు ఒప్పుకోవాలి. మేడ మీదో, పెరట్లోనో చోటుంటేనే పెట్టుకోండి. జింకు పూత ఉన్న ఇనుమును ఎప్పుడూ కాల్చొద్దు. తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది కాబట్టి దాన్ని మరీ ఎక్కువ వేడిచేయకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. పాలిష్ మెషిన్ దగ్గర జడ, చున్నీ బిగించి కట్టుకోవాలి.

సామాను కోసం బేగంబజార్, రాణిగంజ్ తిరగండి. సన్న రంపం, రెండు ఆకురాళ్లు, సుత్తి, చిన్న దాగలి, అతకడానికి వెలిగారం, టంకం, ఇంతే మొదట కావాల్సింది. నాకు ఇదంతా ఒక మామూలు పెన్ టాబ్లెట్ ధరలోపే వచ్చింది. రేకు కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకోండి. ఒక దుకాణంలో రాగి అని నాకు అమ్మిన రేకు, ఇంటికొచ్చి కోస్తే లోపల ఇనుము. రాగికీ ఇత్తడికీ అయస్కాంతం అంటుకోదు. అంటుకుంటే కొనొద్దు. రంపం బ్లేడు పళ్లు కిందికి, పిడి వైపుకి ఉండాలి. రేకు మందంలో కనీసం రెండు పళ్లు పట్టేంత సన్న బ్లేడు వాడితే విరగడం బాగా తగ్గుతుంది.

వేషం: మీకు సగం ముందే వచ్చిన పని

ఫోమ్ కవచానికి నమూనా తీసే పద్ధతి ఒకటుంది. ఒంటికి పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, దానిమీద మాస్కింగ్ టేపు వరసలుగా అంటించి, అతుకులు ఎక్కడ రావాలో మార్కర్‌తో గీసి, ఆ గీతల వెంబడి కత్తిరించి బల్ల మీద పరచాలి. మొదటిసారి ఇది చేసినప్పుడు, పరిచిన ముక్కల వంక చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. అది అచ్చంగా యూవీ అన్‌వ్రాప్, అంటే రంగులు వేయడానికి 3డి బొమ్మ పైతొక్కను విప్పి చదునుగా పరిచే పని. గుండ్రటి చోట అతుకు తక్కువ పెడితే ముడత పడుతుంది, ఎక్కువ పెడితే కుట్లు కనబడతాయి, కంటికి ఆనని చోట దాచాలి. ఆఫీసులో ఏళ్ల తరబడి చేసిన తర్కమే గుడ్డకీ ఫోమ్‌కీ పనికొస్తుంది. మోడల్ ముందే బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, పేపర్ మోడల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే యాడ్-ఆన్‌తో ముక్కల్ని నేరుగా కాగితం మీద ప్రింట్ తీసుకోవచ్చు.

దూరం నుంచి చూడగానే ఎవరో తెలిసిపోవాలనేది మనకి మొదటి రోజు నేర్పే పాఠం. వేషంలో అదే ప్రాణం. మన దగ్గర ఈ విద్య పాతది. సురభి వాళ్లు 1885 నుంచి నాటకాలాడుతున్నారు. చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా కిరీటం కిరీటంలా కనబడాలి కాబట్టి అన్నీ పెద్దవి చేసి చూపిస్తారు. చిందు యక్షగానంలో కిరీటాలు, భుజకీర్తులు తేలిక కొయ్యతో చేస్తారు. రాత్రంతా ఎగిరి ఆడే మనిషి ఒంటి మీద బరువు నిలవదు గదా. ఇప్పుడు మనం ఫోమ్ వాడే కారణం కూడా సరిగ్గా ఇదే. నా రాగి భుజకీర్తి వేసుకుని చేయి ఎత్తితే మెడకి గుచ్చుకుంటుంది. ఫోమ్‌ది వేసుకుని పరుగెత్తగలను.

పని సులువే, ఓపిక కావాలి. కవచానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్, మందం చూపించాల్సిన చోట 10, అంచుల నగిషీకి 2. కట్టర్ బ్లేడు తరచూ మార్చండి, మొద్దుబారితే ఫోమ్ చిరుగుతుంది. ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి కాంటాక్ట్ గమ్ రెండు వైపులా రాసి, తడి ఆరి వేలికి అంటుకోకుండా అయ్యేదాకా ఆగి, అప్పుడు అతికించాలి. ఆగకపోతే ఊడిపోతుంది, ఆగితే పీకినా రాదు. రంగు వేసేముందు హీట్ గన్‌తో పైపైన వేడి చూపిస్తే ఫోమ్ రంధ్రాలు మూసుకుని కాస్త మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చాకే ప్రైమర్ వేయాలి. ఆ గమ్ వాసన మంచిది కాదు. కిటికీలు తెరిచి, ఫిల్టర్ మాస్క్ పెట్టుకుని చేయండి.

గుడ్డ పని వేరే. నేరుగా ఖరీదైన బట్ట మీద కత్తెర పెట్టొద్దు. ముందు కోరా గుడ్డతో కుట్టి, తొడుక్కుని, కూర్చుని, చేతులెత్తి, మెట్లెక్కి చూడండి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గుడ్డలు, లేసులు, అద్దాలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. కుట్టు రాకపోతే వీధి చివర టైలర్ దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు. ఆయనకి మీరు గీసిన స్కెచ్ చూపించండి. మా టైలర్ మామయ్య కాపలా అమ్మాయి నడుం పట్టీ చూసి, "ఇట్లా కుడితే కూర్చున్నప్పుడు పైకి జరుగుద్దమ్మా" అన్నాడు. ఆ మాటతో డిజైనే మార్చాను. నా పాత్ర నాలుగేళ్లలో ఎప్పుడూ కూర్చోలేదని అప్పుడే తెలిసింది.

వేషానికి గడువుంటుంది. అభిమానులు తమకిష్టమైన పాత్రల వేషాల్లో వచ్చే హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి చోట వేసుకోవాలంటే ఆ తేదీకి పూర్తి కావాల్సిందే. వాయిదాలు వేసే స్వభావం ఉన్నవాళ్లకి ఇది పెద్ద మేలు. నియమాలు ముందే చదువుకోండి. అసలు లోహంతో చేసిన ఆయుధాలు, పదునైనవి లోపలికి రానివ్వరు. ఒక కార్యక్రమంలో నా ఈటె మొన రెసిన్‌దని గేటు దగ్గరే ఆపేశారు, రోజంతా ఈటె లేకుండా తిరిగాను. ఫోమ్‌కి గాలి ఆడదు కాబట్టి నీళ్ల సీసా, తీసి వేసుకోవడానికి సాయం చేసే మనిషి ఉండాలి. అయినా ఆ రోజు ఒక చిన్నపిల్ల వచ్చి ఈమె ఎవరు, రాత్రంతా ఒక్కతే ఉంటుందా, భయం వేయదా అని అడిగింది. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో చూసేవాళ్లెవరూ నా ఎదుట నిలబడి అలా అడగలేదు.

గేమ్: దగ్గర చుట్టమే, కానీ ఇల్లంతా ఆక్రమించే చుట్టం

నా పాత్రకి దూకడం నేర్పడంతో గేమ్ మొదలైంది. చక్కగా మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి లాగి, ఆరు ఫ్రేములు సన్నద్ధమై ఎగిరేలా యానిమేట్ చేశాను. విడిగా చూస్తే ముచ్చటగా ఉంది. కంట్రోలర్ తమ్ముడి చేతికిచ్చాను. రెండు నిమిషాలు ఆడి, "బటన్ పనిచేయట్లేదక్కా" అన్నాడు. 24 ఫ్రేముల లెక్కన ఆరు ఫ్రేములంటే పావు సెకను. బటన్ నొక్కాక పావు సెకను ఏమీ జరగకపోతే ఆడేవాళ్లకి అది పాడైన బటనే. ఆ సన్నాహమంతా తీసేసి, నొక్కగానే పాదాలు నేల వదిలేలా చేసి, బరువంతా కిందికి దిగేటప్పుడు ఒళ్లు కుంగడంలో, లేచే దుమ్ములో చూపించాల్సి వచ్చింది. శత్రువుల విషయంలో సరిగ్గా తిరగేయాలి. వాళ్లు కత్తి ఎత్తే సన్నాహం ఇంకా పొడుగు చేయాలి, లేకపోతే తప్పించుకునే అవకాశం ఉండదు. సినిమాకి నేర్చుకున్న సూత్రాన్ని ఒక పాత్ర దగ్గర మరిచిపోయి, పక్క పాత్ర దగ్గర రెట్టింపు చేయాలి. యానిమేషన్ గురించి ఇంత లోతుగా ఆలోచింపజేసిన పని ఇంకోటి లేదు. గేమ్‌కి నేను ఎప్పటికీ రుణపడి ఉండే విషయం ఇదొకటి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. గేమ్‌ని ఆ వరసలో మూడోదిగా చేర్చవచ్చు. బొమ్మలు, కదలికలు నాకు నాలుగు నెలల్లో అయిపోయాయి. తర్వాత మెనూ, సేవ్ చేయడం, శబ్దాలు, రకరకాల స్క్రీన్ సైజులు, కంట్రోలర్ ఊడిపోతే ఏం జరగాలి, ఇవన్నీ వచ్చిపడ్డాయి. రెండేళ్లయింది, ఇంకా పూర్తి కాలేదు. మనకి వచ్చిన భాగం మొదట్లో చకచకా అయిపోతుంది కాబట్టి సగం దూరం వచ్చేశామనిపిస్తుంది. అది నిజం కాదు.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. పగలంతా అదే కుర్చీ, అదే స్క్రీన్, అదే మణికట్టు, రాత్రి మళ్లీ అదే. ఇప్పటికే చేయి నొప్పి ఉన్నవాళ్లకి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. నాకు డాక్టరు ఆరు వారాలు స్టైలస్ మానేయమన్నారు. ఉద్యోగం మానలేం కదా, గేమ్ ఆపాను. లోహానికీ మణికట్టు కావాలి, కానీ కదలిక వేరు, నిలబడి చేస్తాం, గంటకోసారి రేకు కాల్చడానికి లేస్తాం. నాకు అది పడింది. మీకు నొప్పి ముదిరి ఉంటే సుత్తి పట్టేముందు కూడా డాక్టర్ని అడగండి.

ఇవన్నీ విన్నాక కూడా గేమే కావాలనిపిస్తే, ఆ కోరిక గట్టిదే. అప్పుడు ఇలా వెళ్లండి. ఇంజిన్‌గా, అంటే గేమ్‌ని కట్టి నడిపే సాఫ్ట్‌వేర్‌గా, గోడో తీసుకోమంటాను. ఉచితం, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్, ఎంత అమ్మినా వాటా ఇవ్వక్కర్లేదు. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంకో ఇంజిన్ కంపెనీ ఇన్‌స్టాల్‌కి ఇంత అని కొత్త రుసుం ప్రకటించి, ఏడాది తర్వాత రద్దు చేసింది. ఆ ఏడాది చాలామంది చిన్న డెవలపర్లు నిద్రలేకుండా గడిపారు. తెలుగులో గేమ్ చేయాలనుకుంటే ఇంకో కారణం ఉంది. 2023లో వచ్చిన గోడో 4 నుంచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలిసి కనబడతాయి. పాత వెర్షన్‌లో "స్త్రీ" అని రాస్తే ముక్కలుగా విడిపోయేది. నా కాపలా అమ్మాయి తెలుగులో మాట్లాడిన రోజు నాకు పండగే.

అమ్మకం లెక్కలు ఇలా ఉంటాయి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టాలంటే గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి. 1000 డాలర్ల అమ్మకం దాటితే అది తిరిగొస్తుంది. ప్రతి అమ్మకంలో మామూలుగా 30 శాతం వాళ్ల వాటా. డబ్బు కట్టాక మొదటి గేమ్ విడుదలకి కనీసం 30 రోజులు ఆగాలి. చిన్న గేములు ఎక్కువగా పెట్టే ఇచ్.ఐఓ సైట్‌లో పెట్టడం ఉచితం, వాటా ఎంతో మీరే నిర్ణయించుకోవచ్చు. గూగుల్ ప్లేకి ఒక్కసారి 25 డాలర్లు. మొదటి గేమ్ ఇచ్.ఐఓలోనే ఉచితంగా పెట్టండి. డబ్బు కోసం మొదలుపెట్టేవాళ్లకి మూడింట్లో గేమ్‌నే ఆఖరున చెబుతాను.

ఏది మొదలుపెట్టినా, ముందు ఆఫర్ లెటర్ చదవండి

ఈ మాట ఎవరూ చెప్పరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఇంటి దగ్గర, సొంత టైంలో చేసింది సహజంగా దీని కిందికి రాదు. కానీ ఉద్యోగ ఒప్పందాల్లో "ఉద్యోగకాలంలో సృష్టించిన ఏదైనా" అనే తరహా వాక్యాలు కనబడుతుంటాయి. రాగి భుజకీర్తితో ఏ స్టూడియోకీ పేచీ ఉండదు. వేషంతోనూ దాదాపు ఉండదు. గేమ్ మాత్రం స్టూడియో వ్యాపారానికి దగ్గరగా వస్తుంది. అందుకే మొదలుపెట్టేముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఒక్క గంట కూడా వాడొద్దు. బ్లెండర్, బొమ్మలు వేసే క్రిటా ఉచితం, వాటితో చేసింది అమ్ముకోవచ్చు కూడా.

నన్ను అడిగినవాళ్లకి చెప్పినవి

పీజీ హాస్టల్లో, ఇద్దరితో గది పంచుకునే అబ్బాయికి వేషం చెప్పాను. ఫోమ్ షీట్లు మంచం కింద పడతాయి, చప్పుడు ఉండదు, గమ్ పని మేడ మీద చేసుకుంటాడు. ఊళ్లో ఇల్లుండి, ఇంటి నుంచి పనిచేస్తూ, రోజంతా మనిషితో మాట్లాడకుండా గడిపే అమ్మాయికి కూడా వేషమే చెప్పాను. చోటుంది కాబట్టి లోహం అనుకుంది. కానీ ఆమెకి కావాల్సింది మనుషులు. పదేళ్లుగా లైటింగ్ చేస్తూ, ఇక బొమ్మంటేనే విసుగొస్తోందన్న సీనియర్‌కి లోహం చెప్పాను. ఆయన ఇప్పుడు ఆదివారాలు రాగి గిన్నెలు కొడుతున్నారు, బొమ్మ ఊసే లేదు. బాగున్నారు. కథలు రాసుకుని, డైరెక్టర్లతో వాదించి వాదించి అలసిపోయిన ఒకమ్మాయికి మాత్రం గేమ్ చెప్పాను. ఆమెకి మాట చెల్లడం కావాలి, అది ఇంకెక్కడా దొరకదు. అయితే ఒక షరతు పెట్టాను: ఐదు నిమిషాల్లో అయిపోయే గేమ్ ఒకటి పూర్తిచేశాకే పెద్దదాని జోలికి వెళ్లాలి.

ఇంకా తేల్చుకోలేకపోతుంటే మూడు వారాంతాలు కేటాయించండి. మొదటి వారం వేలెడు వెడల్పున్న రాగి పట్టీ కొని, చివరలు ఆకురాయితో నునుపు చేసి, కొట్టి, కడియంలా వంచండి. మంట అవసరం లేదు. రెండో వారం ఒకే ఒక్క ఫోమ్ షీట్‌తో ముంజేతి కవచం. మూడో వారం 48 గంటల గేమ్ జామ్, అంటే గడువులోపు ఒక చిన్న గేమ్ చేసే కార్యక్రమం, ఏదైనా చూసుకుని చేరండి. గ్లోబల్ గేమ్ జామ్ ఏటా జనవరిలో ఉంటుంది, మిగతా నెలల్లోనూ ఆన్‌లైన్ జామ్‌లకి కొదవలేదు. ప్రతి వారం తర్వాత వచ్చే సోమవారం, లంచ్ టైంలో ఫోన్ తీసి మీరు ఏం వెతుకుతున్నారో గమనించండి. రేకు గేజ్‌ల (మందాల) గురించా, ఫోమ్ మీద రంగు నిలవడం గురించా, మీ పాత్ర గోడలోంచి దూరిపోయే బగ్ గురించా? ఎవరూ అడక్కుండానే మీ వేలు దేనికోసం టైప్ చేసిందో, ఆ పనికి సామాను కొనండి.